మరిగే సూపు చుట్టూ కడుపునిండా విందు!

హాట్ పాట్ అనగానే మీకేం గుర్తొస్తుంది? చపాతీలు చల్లారకుండా దాచుకునే ప్లాస్టిక్ డబ్బాయే కదూ! చైనావారి హాట్ పాట్ సంగతి వేరు. బల్ల మధ్యన పొయ్యి, దానిమీద సలసల మరిగే సూపు గిన్నె, చుట్టూ పళ్ళేల్లో పచ్చి కూరలు, ఆకులు, మాంసం, చేప ముక్కలు. ఎవరికి కావలసింది వాళ్ళు ఆ సూపులో వేసుకుని, ఉడగ్గానే తీసి, పచ్చడిలో అద్దుకుని వేడివేడిగా తినడమే! చైనా భాషలో దీన్ని ‘హువో గువో’ అంటారు. నిప్పు కుండ అని అర్థం. సింగపూరు, మలేషియాల్లో మాత్రం ‘స్టీమ్ బోట్’ అనే పేరు వాడుకలో ఉంది.

‘మనకెందుకమ్మా ఈ చైనా వంటలు?’ అంటారా? ఈరోజుల్లో కొడుకో, కూతురో, అల్లుడో సింగపూర్లో ఉద్యోగం చేస్తున్న ఇళ్ళు మనలో ఎన్నో. చూడడానికి వెళ్ళినప్పుడు సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ దర్శనం, ముస్తఫాలో షాపింగు ఎలాగూ ఉంటాయి. అక్కడికి ఎంతో దూరం లేని బూగిస్ ప్రాంతంలో లియాంగ్ సియా స్ట్రీట్ అని ఒక వీధి. హాట్ పాట్ హోటళ్ళకు పేరుపడ్డ వీధి అది. ఒక ధర కడితే తిన్నంత పెట్టే హోటళ్ళూ ఆ చుట్టుపక్కల ఉన్నాయి. అచ్చం మన మెస్సుల్లో ఫుల్ మీల్స్ లాగే! ‘ఈరోజు అక్కడికి వెళ్దామమ్మా’ అని పిల్లలు అన్నప్పుడు మీరు బెదిరిపోకుండా, జేబుకు చిల్లు పడకుండా, కడుపు చెడకుండా తిని రావడానికే ఈ నాలుగు ముక్కలు.

పడవవాళ్ళ తిండి

హాట్ పాట్ లో రకాలు చాలా ఉన్నా ముఖ్యమైనవి రెండు. బీజింగ్ వాళ్ళది సాత్వికం. మధ్యలో గొట్టం ఉన్న రాగి పాత్రలో బొగ్గులు వేసి, మామూలు చప్పటి నీళ్ళు మరిగించి, అందులో పల్చటి గొర్రె మాంసం ముక్కలు ముంచి, నువ్వుల ముద్దలో అద్దుకుని తింటారు. 1903లో మొదలైన ‘డోంగ్ లై షున్’ అనే హోటలు ఈ పద్ధతికి ఇప్పటికీ పేరు.

రెండోది చోంగ్ చింగ్ నగరానిది. యాంగ్జీ, జియాలింగ్ నదులు కలిసే చోట ఉన్న ఊరది. రేవులో పనిచేసే కూలీలు, పడవవాళ్ళు చవగ్గా దొరికే పేగులూ, పొట్ట భాగాలూ తెచ్చుకుని, నీచువాసన పోవడానికి మిరపకాయలు దట్టించి కాచుకునేవారట. ఆ బీదవాళ్ళ తిండే ఈనాడు దేశదేశాల హోటళ్ళలో వెలిగిపోతోంది! ఆ ఎర్రటి సూపును చూస్తే మన గుంటూరు కారం గుర్తు రాకమానదు. నిజానికి మిరపకాయ మనకూ సొంతం కాదు, వాళ్ళకూ కాదు. రెండు చోట్లకీ అమెరికా ఖండం నుంచి వచ్చిందే. కాకపోతే వాళ్ళు దానికి సిచువాన్ మిరియం కూడా కలుపుతారు. పేరుకే మిరియం. కొంకణ తీరంలో చేపల కూరల్లో వేసే తిర్ఫల్ కు దగ్గరి చుట్టం. నమిలితే నాలుక, పెదవులు తిమ్మిరెక్కుతాయి. మొదటిసారి తిన్నవాళ్ళు ఏదో అయిందని కంగారు పడతారు. ఏమీ కాదు, కాసేపటికి తగ్గిపోతుంది. కారం నసాళానికి ఎక్కితే మాత్రం మంచినీళ్ళు తాగి లాభం లేదు. పాలో, పెరుగో తీసుకోండి.

కారం తినేవాళ్ళూ తిననివాళ్ళూ ఒకే బల్ల దగ్గర ఉంటే? దానికీ ఉపాయం ఉంది. మధ్యన అడ్డుగోడ ఉన్న గిన్నె అడగండి. ఒకవైపు ఎర్ర సూపు, ఒకవైపు తెల్ల సూపు. మన చక్రవాకాల్లాగా చైనాలో ఆలుమగల అనురాగానికి గుర్తయిన మాండరిన్ బాతుల జంట పేరే ఈ గిన్నెకీ పెట్టారు.

బిల్లు దగ్గర జాగ్రత్త

బోర్డు మీద ‘25 డాలర్లు ++’ అని ఉందనుకోండి. ఆ రెండు ప్లస్సులే కీలకం! మొదటిది 10 శాతం సర్వీసు చార్జీ. రెండోది అమ్మకం పన్ను. 2024 నుంచి అది 9 శాతం. అంటే 25 కాస్తా 27.50 అయి, దానిమీద పన్ను పడి దాదాపు 30 అవుతుంది. నలుగురికి 100 అనుకున్నది 120 అన్నమాట! ఇదికాక సూపుకు విడిగా, కూల్ డ్రింకులకు విడిగా వేసే హోటళ్ళూ ఉన్నాయి. చైనా హోటళ్ళలో అడక్కుండానే బల్లమీద పెట్టే వేరుశెనగ గింజలు, తడి టవళ్ళు కూడా ఉచితం కాకపోవచ్చు. అక్కర్లేకపోతే ముట్టుకోకుండా తీసేయమనండి.

లోపలికి వెళ్ళేముందే ఈ నాలుగూ అడగండి: ఎంతసేపు కూర్చోవచ్చు? (గంటన్నర, రెండు గంటలని గడువు పెడతారు.) పిల్లలకు ధర ఎంత? (కొన్నిచోట్ల వయసును బట్టి, కొన్నిచోట్ల ఎత్తును బట్టి.) మధ్యాహ్నం ధర ఎంత, రాత్రి ఎంత? మిగిల్చితే జరిమానా ఉందా?

ఈ చివరిది మర్చిపోకండి. వదిలేసిన తిండిని తూచి డబ్బు వసూలు చేసే హోటళ్ళు చాలా ఉన్నాయి. చైనాలోనైతే 2021లో ఆహారం వృథాకు వ్యతిరేకంగా చట్టమే వచ్చింది. బాగా మిగిల్చిన వాళ్ళ దగ్గర హోటలు వాళ్ళు రుసుము తీసుకోవచ్చని అందులో ఉంది. మంచిదే కదా! ‘పెట్టిన డబ్బు రాబట్టాలి’ అని పళ్ళేలు నింపుకోకండి. రెండేసి ముక్కలు తెచ్చుకుని, నచ్చితే మళ్ళీ వెళ్ళండి. నూడుల్స్, వేపుళ్ళు ముందే తింటే కడుపు నిండిపోతుంది, అసలువి మిగిలిపోతాయి. హోటలు వాళ్ళకు కావలసిందీ అదే! నూడుల్స్ ఆఖరున వేసుకోండి. అన్ని రుచులూ దిగిన సూపులో అవి ఇంకా బాగుంటాయి.

చవకవి కాకుండా పెద్ద హోటళ్ళూ ఉన్నాయి. 1994లో సిచువాన్ లో చిన్నగా మొదలై, 2012లో సింగపూర్ కు వచ్చిన ‘హైదిలావ్’ అలాంటిదే. బల్ల ఖాళీ అయ్యేదాకా ఎదురుచూసే ఆడవాళ్ళకు గోళ్ళరంగు వేసి కూర్చోబెట్టడంలో పేరు తెచ్చుకుంది. అక్కడ మాత్రం పళ్ళేనికింత అని లెక్క. చేయి కాస్త పట్టుకోవాలి సుమా!

శాకాహారులు ఏం చేయాలి?

ఇది చాలామందికి అసలు ఇబ్బంది. ఎర్ర సూపు పైకి మిరపకాయల నూనెలా కనిపించినా సంప్రదాయంగా అందులో వేసేది గొడ్డు కొవ్వు. తెల్ల సూపు పంది ఎముకలతోనో, కోడితోనో కాచినది కావచ్చు. ‘టమాటా సూపు’, ‘పుట్టగొడుగుల సూపు’ అన్నంత మాత్రాన నమ్మడానికి లేదు. వాటికీ కిందపోసేది ఎముకల నీళ్ళు కావచ్చు. ‘ఎముకలు, కొవ్వు, చేపల సాసు ఏవీ లేని సూపు కావాలి’ అని విడమరచి అడగండి. లేదంటే ఉత్త వేడినీళ్ళు పోయించుకుని అల్లం, ఉల్లికాడలు, కొత్తిమీర వేసుకోండి. బీజింగ్ వాళ్ళు చేసేది అదేగా!

అడ్డుగోడ ఉన్న గిన్నె ఉంది కదా అని మాంసాహారులతో పంచుకోకండి. మరిగేటప్పుడు ఇటుది అటు చిందుతుంది. మనిషికో చిన్న గిన్నె ఇచ్చే హోటలైతే మేలు. ‘ఫిష్ టోఫు’ పేరులో టోఫు ఉన్నా అది చేపే. ‘క్రాబ్ స్టిక్’ కూడా చేప ముద్దే. సాసుల్లో ఆయిస్టర్ సాస్, ఎండు రొయ్యలు కలిసే సాచా సాస్ వద్దు. నువ్వుల ముద్ద, సోయా, వెనిగర్, వెల్లుల్లి, కొత్తిమీర కలుపుకుంటే మన పచ్చడిలాగే కమ్మగా ఉంటుంది. వేరుశెనగ, నువ్వులు పడనివాళ్ళు ముందే చెప్పాలి.

వంటవాళ్ళు మీరే, జాగ్రత్తా మీదే

మామూలు హోటల్లో ఉడికిందా లేదా అన్నది వంటవాడి బాధ్యత. ఇక్కడ మీది. ఆత్రంలో అరా కొరా ఉడికినవి తింటే ఆ రాత్రికే తెలిసొస్తుంది!

* పచ్చి మాంసం పట్టుకున్న చాప్ స్టిక్స్ తో నోట్లో పెట్టుకోకండి. వేయడానికి ఒక జత, తినడానికి ఒక జత.
* ఒకేసారి గిన్నెడు ముక్కలు కుమ్మరిస్తే సూపు చల్లబడుతుంది. కాసిని వేసి, మళ్ళీ తెర్లాకే లెక్కపెట్టండి.
* పల్చటి మాంసం ముక్కలు రంగు పూర్తిగా మారాలి. రొయ్యలు ఎర్రబడి ముడుచుకోవాలి. కోడిమాంసం లోపల ఎక్కడా గులాబీ రంగు ఉండకూడదు.
* చేపను సగం పచ్చిగా తినవద్దు. 2015లో సింగపూర్లో పచ్చి మంచినీటి చేపలు తిని చాలామంది బాక్టీరియా జబ్బుతో ఆస్పత్రి పాలయ్యారు. ఆ ఏడాది డిసెంబరులో హోటళ్ళలో అలాంటి వంటకాలు నిషేధించారు.
* తెల్లగా దారాల్లా ఉండే ఎనోకి పుట్టగొడుగుల్నీ బాగా ఉడికించాలి. అమెరికాలో వీటివల్ల లిస్టీరియా అనే బాక్టీరియా జబ్బు వచ్చి నలుగురు చనిపోయారని 2020లో బయటపడింది. గర్భిణులకు ఈ జబ్బు మరీ ప్రమాదం. కడుపులో బిడ్డకే ముప్పు రావచ్చు.
* గిన్నెలోంచి తీసిన ముక్కను తిన్నగా నోట్లో వేసుకోకండి. 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాలు అన్నవాహిక క్యాన్సర్ కు బహుశా కారణమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2016లో ప్రకటించింది. సాసులో ముంచి, కాస్త ఆరనివ్వండి.
* బి.పి. ఉన్నవాళ్ళు ఆఖరి సూపు తాగకపోవడమే మంచిది. ఉప్పంతా అందులోనే!
* చంటిపిల్లల్ని పొయ్యికి దూరంగా, గోడవైపు కూర్చోబెట్టండి.

ఇల్లాలికీ వేడి ముద్ద

ఇన్ని జాగ్రత్తలుంటే ఎందుకు వెళ్ళడం అనిపిస్తోందా? ఒక్క సంగతి చెప్పనివ్వండి. మన ఇళ్ళల్లో అందరికీ వడ్డించి, ఆఖరున చల్లారిన అన్నం తినేది ఎవరు? ఇక్కడ వడ్డించేవాళ్ళంటూ ఉండరు. మామగారు తన బంగాళదుంప తానే వేసుకోవాలి, అబ్బాయి తన నూడుల్స్ తానే తీసుకోవాలి. అందరితోపాటే మీరూ కూర్చుంటారు, అందరిలాగే వేడిగా తింటారు. అక్కడా గరిటె అందుకుని అందరికీ తీసిపెడుతూ కూర్చోకండి మరి!

ఇంట్లో చేసుకోవాలంటే (నలుగురికి)

సూపుకు: నీళ్ళు 2 లీటర్లు, టమాటాలు 4, ఉల్లిపాయలు 2, కారెట్ 1, చిన్న ముల్లంగి 1, అల్లం అంగుళం ముక్క, వెల్లుల్లి 8 రేకలు, మిరియాలు చెంచాడు, ఎండుమిర్చి 4, ఉప్పు తగినంత.

ముంచుకోవడానికి: కాబేజీ, పాలకూర, కాలీఫ్లవర్, పల్చగా తరిగిన బంగాళదుంప, బేబీకార్న్, పుట్టగొడుగులు, పనీర్, నూడుల్స్.

పచ్చడికి: వేయించిన నువ్వులు 4 చెంచాలు, వేయించిన వేరుశెనగపప్పు 2 చెంచాలు, వెల్లుల్లి 2 రేకలు, సోయా సాస్ 2 చెంచాలు, వెనిగర్ చెంచాడు.

సూపుకు చెప్పినవన్నీ తరిగి, నీళ్ళలో వేసి సన్నటి సెగమీద 40 నిమిషాలు కాగనిచ్చి వడకట్టండి. పచ్చడికి చెప్పినవి కాసిని నీళ్ళతో మెత్తగా రుబ్బండి. బల్లమీద ఇండక్షన్ స్టవ్ పెట్టి సూపు తెర్లనివ్వండి. దుంపలు, కాలీఫ్లవర్ ముందు, ఆకుకూరలు తర్వాత, నూడుల్స్ ఆఖరున. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకండి. దానినుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ కు వాసన ఉండదు, ప్రాణాలు తీస్తుంది.

వచ్చే ఆదివారం వాన పడుతుంటే ప్రయత్నించండి. వంట త్వరగా తెమిలిపోతుంది, అంతా కలిసి కూర్చున్నట్టూ ఉంటుంది!