డిస్కునందు చోటు కల్పించుట

గాదె నిండినచో రైతు సంతోషించును. కంప్యూటరు డిస్కు నిండినచో దానిని నడపువానికి దిగులు పుట్టును. ఏలన, చోటు లేని డిస్కుపై యంత్రము క్రొత్తగా ఏమియు వ్రాయజాలదు. ఆసుపత్రిలో రోగుల వివరములను భద్రపరచు యంత్రమునకే ఈ స్థితి సంభవించినచో, ఆనాడు వచ్చిన రోగుల వివరములు నమోదు కాక నిలిచిపోవును. కావున డిస్కునందు చోటు కల్పించు విధమును తెలిసికొనుట అవసరము.

1991వ సంవత్సరమున హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థియగు లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెలును వెలువరించెను. నేడు ప్రపంచమునందలి సర్వరు యంత్రములు పెక్కు దానితో నడచుచున్నవి. వానిలో అనేకములు వర్చువల్ మెషీనులు. వర్చువల్ మెషీను అనగా ఒక పెద్ద యంత్రమునందు సాఫ్ట్‌వేరుచే కల్పింపబడిన వేరొక యంత్రము. ఒక పెద్ద ఇంటి గదులలో పలు కుటుంబములు కాపురముండునట్లు, ఒకే యంత్రమునందు ఇట్టివి పెక్కు ఉండవచ్చును. ఆశ్రయమిచ్చు పెద్ద యంత్రమును హోస్టు అనియు, అందు వసించు దానిని గెస్టు అనియు అందురు. గెస్టు తన డిస్కుగా భావించునది తరచుగా హోస్టునందలి ఒక పెద్ద ఫైలు మాత్రమే.

డిస్కు నిండినపుడు మొట్టమొదట కొలిచి చూడవలెను. డీఎఫ్ అను ఆజ్ఞ డిస్కులో ఎంత నిండినదో, ఎంత మిగిలినదో తెలుపును. డీయూ అను ఆజ్ఞ ఏ డైరెక్టరీ ఎంత చోటును ఆక్రమించినదో తెలుపును. ఇట్లు వెదకినచో సామాన్యముగా మూడు కారణములు కనబడును. మొదటిది, దినదినము పెరుగు లాగ్ ఫైళ్లు. రెండవది, దింపుకొనిన సాఫ్ట్‌వేరు ప్యాకేజీల ప్రతులు. మూడవది, వాడుక తప్పిన పాత కెర్నెళ్లు. డెబియన్, ఉబుంటు వ్యవస్థలలో ఆప్ట్ క్లీన్ అను ఆజ్ఞ ప్యాకేజీల ప్రతులను తొలగించును. వానిని వలసినపుడు మరల దింపుకొనవచ్చును గనుక నష్టము లేదు. ఆప్ట్ ఆటోరిమూవ్ అను ఆజ్ఞ పాత కెర్నెళ్లను తొలగించి, నడచుచున్న కెర్నెలును విడిచిపెట్టును.

ఒక్కొక్కప్పుడు పెద్ద ఫైలును తుడిచివేసినను చోటు పెరుగదు. దీనికి కారణము కలదు. లినక్సునందు ఫైలు పేరు వేరు, అందలి విషయము వేరు. తుడిచివేయుట యనగా పేరును కొట్టివేయుటయే. గ్రంథాలయపు పట్టికలో ఒక పుస్తకము పేరు కొట్టివేసినను, దానిని చదువుచున్న పాఠకుని చేతిలో ఆ పుస్తకము ఉండనే యుండును గదా! అట్లే ఏదేని ప్రోగ్రాము ఆ ఫైలును తెరచి యుంచినంత కాలము దాని చోటు విడుదల కాదు. ఎల్‌ఎస్‌ఓఎఫ్ అను ఆజ్ఞచే అట్టి ప్రోగ్రామును కనుగొని, దానిని ఆపి మరల ప్రారంభించినచో చోటు లభించును.

వర్చువల్ మెషీనునందు మరియొక చిక్కు కలదు. గెస్టులో చోటు ఏర్పడినను హోస్టునందలి పెద్ద ఫైలు తగ్గకపోవచ్చును. గదిలోని సామాను తీసివేసిన సంగతి ఇంటి యజమానికి ఎవరును చెప్పనిచో ఆయనకెట్లు తెలియును? గెస్టులో ఏ భాగములు ఖాళీ అయినవో హోస్టునకు తెలుపుటకు ఎఫ్‌ఎస్‌ట్రిమ్ అను ఆజ్ఞ ఉన్నది. ఆ డిస్కు ఇట్టి వార్తను అందుకొనగలదైనచో హోస్టు ఆ చోటును తిరిగి గ్రహించి ఇతర యంత్రములకు ఇచ్చును.

ఆర్‌ఎమ్ అను ఆజ్ఞచే తుడిచిన ఫైలు చెత్తబుట్టలో నిలిచి యుండదు. దానిని మరల పొందుట మిక్కిలి కష్టము. కావున ముఖ్యమైన వాని ప్రతిని వేరొకచోట భద్రపరచుకొని, చోటును ఆక్రమించినదేదో కొలిచి, అది ఎవరికి అవసరమో విచారించి, ఆ పిమ్మటనే తుడిచివేయవలెను.