నెలకో పెట్టె... పక్కన నాయనమ్మ!

నెల మొదట్లో కొరియర్ కుర్రాడు గుమ్మంలో ఇచ్చిపోయే అట్టపెట్టె అది. పైన పాప పేరు. లోపల కత్తిరించి ఉంచిన అట్టముక్కలు, జిగురు, రంగులు, దారం, ఓ బొమ్మల కథల పుస్తకం, ఏది ఎలా చేయాలో చెప్పే కాగితాలు. ఈ నెల అడవి జంతువులైతే వచ్చే నెల గ్రహాలు, నక్షత్రాలు. చందా కడితే చాలు, హైదరాబాద్ అపార్ట్‌మెంట్లకే కాదు, నల్గొండ, మహబూబ్‌నగర్ కాలనీలకూ నెలనెలా వచ్చి తలుపు తడుతుంది.

ఇదేదో నిన్న మొన్నటి ఆలోచన అనుకునేరు! అమెరికాలో 1940లోనే 'సైన్స్ సర్వీస్' అనే సంస్థ 'థింగ్స్ ఆఫ్ సైన్స్' పేరుతో చందాదారులకు నెలకో చిన్న నీలం పెట్టె పోస్టులో పంపడం మొదలుపెట్టింది. అందులో కొన్ని నమూనాలు, వాటితో చేసి చూడాల్సిన ప్రయోగాలు ఉండేవి. 2011లో అక్కడే 'కివీ క్రేట్' వచ్చింది. మనదేశంలో చెన్నైకి చెందిన 'ఫ్లింటోబాక్స్' 2013లో ఈ దారి పట్టింది. 2020లో కరోనా వల్ల బడులకు తాళాలు పడి, పిల్లలు రోజంతా ఇంట్లోనే ఉండిపోయినప్పుడు ఇలాంటి పెట్టె విలువేమిటో చాలామంది అమ్మానాన్నలకు తెలిసొచ్చింది.

కంపెనీని బట్టి, ఎన్ని నెలలకు చందా కట్టారన్నదాన్ని బట్టి ధర మారుతుంది. నెలకు వెయ్యి రూపాయల అటూ ఇటూ అనుకోవచ్చు. చిన్న ఉద్యోగుల ఇంట్లో అది తక్కువేం కాదు. మరి ఆ డబ్బుకు ఫలితం దక్కాలంటే?

విప్పిన రోజే అసలు పరీక్ష

మొదటిరోజు హడావుడి చెప్పనే అక్కర్లేదు. పిల్లలు అన్నీ ఒక్కసారే కింద పోసేస్తారు. అరగంటలో జిగురు నేలకు, రంగులు గోడకు. అందుకే పెట్టెను పెద్దవాళ్లు ముందే విప్పి, వారానికి ఒకటో రెండో ఆటలు మాత్రమే బయటికి తీయాలి. నాలుగేళ్ల పాప ఏనుగు తొండాన్ని తోక దగ్గర అతికించిందా? అతికించనివ్వండి. కాగితం మీది బొమ్మలా రాలేదని మీరే పీకి మళ్లీ అంటిస్తే, ఇక ఆ ఆట మీది!

అసలు చిక్కు మరొకటుంది. ఇవి పిల్లల చేతిలో పెట్టేసి మన పని మనం చూసుకునే తరహా బొమ్మలు కావు. ఒకరు పక్కన కూర్చోవాలి. కత్తెర పట్టుకోవడం చూపాలి, 'ఎందుకు, ఎట్లా' అన్న ప్రశ్నలకు జవాబులు చెప్పాలి. అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగాల నుంచి ఇల్లు చేరేసరికి పొద్దుగూకుతుంది. పగలంతా పిల్లల దగ్గరుండేది నాయనమ్మో అమ్మమ్మో. ఆమెకు ఓపికుంది, తీరికుంది. కానీ ఆ కాగితాలు చాలావరకు ఇంగ్లిషులో ఉంటాయి! ఫలితం... పెట్టె అలమారలో, నాయనమ్మ టీవీ ముందు, మనవడు సెల్‌ఫోన్‌తో.

దీనికి పెద్ద ఉపాయం అక్కర్లేదు. ఆదివారం పొద్దున ఆ వారం ఆటల కాగితాన్ని ఆమెకు తెలుగులో ఒకసారి చదివి చెబితే సరి. బొమ్మలు చూసి మిగతాది ఆమే చూసుకుంటుంది. పైగా తన ఆటలూ కలుపుతుంది. లెక్కపెట్టుకొమ్మని పెట్టెలో రంగుపూసలు వస్తే, అవి ఆమె చేతిలో వామనగుంటల గింజలైపోతాయి. రెండు వరుసల్లో ఏడేసి గుంటలు. గుంటకొకటి చొప్పున గింజలు వేస్తూ పోవాలి, చివరిది ఎక్కడ పడుతుందో ముందే ఊహించాలి. గచ్చకాయలాటలో ఒక కాయ ఎగరేసి, అది కిందికి వచ్చేలోపు నేలమీదివి ఏరాలి. పెట్టె మీద 'హ్యాండ్-ఐ కోఆర్డినేషన్' అని గొప్పగా రాసేది దీన్నే కదా!

బడుల కోసమైతే భాష సంగతి ప్రభుత్వం పట్టించుకుంది. కేంద్ర విద్యాశాఖ 2023 ఫిబ్రవరిలో తెచ్చిన 'జాదూయీ పిటారా' మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఉద్దేశించింది. ఆట వస్తువులు, పజిళ్లు, కథల పుస్తకాలతో 13 భారతీయ భాషల్లో దాన్ని ప్రకటించారు.

కొనకుండానే...

చందా కట్టలేకపోతే? ఐఐటీ కాన్పూర్‌లో చదివిన అరవింద్ గుప్తా అగ్గిపుల్లల్ని సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో కలిపి ఇళ్లు, పిరమిడ్‌లు కట్టించారు. చెత్తతో బొమ్మలు చేయడం నేర్పినందుకు 2018లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన పుస్తకాలు తెలుగులోనూ దొరుకుతాయి. పాలమూరు పల్లెల్లో ఆ అగ్గిపుల్లల పని జొన్నచొప్పతో ఎప్పటినుంచో జరుగుతోంది. పై తొక్క చీలిస్తే అదే మేకు, లోపలి తెల్లటి బెండే చక్రం. బండి, కళ్లద్దాలు, మంచం... ఏదైనా తయారు. తొక్క మాత్రం పెద్దవాళ్లే చీల్చాలి, బ్లేడులా కోసుకుంటుంది.

జాగ్రత్తలు ఇంకొన్ని. కొనే ఆటవస్తువు మీద ఐఎస్ఐ గుర్తు చూడండి. 2021 జనవరి 1 నుంచి మనదేశంలో అమ్మే బొమ్మలకు అది తప్పనిసరి. మూడేళ్లలోపు పిల్లలకు పూసలు, చింతగింజలు ఇవ్వొద్దు. చేతికందేచోట పల్లీలూ ఉంచొద్దు, గొంతులోకి జారి ఊపిరి ఆడకుండా చేస్తాయి. సీతాఫలం గింజలు నల్లగా నిగనిగలాడుతూ ముద్దొస్తాయి కానీ, నలిగిన పొడి కంట్లో పడితే ప్రమాదం.

ఇక వేసవిలో పెట్టెతో పనేముంది? నల్గొండ పల్లెల్లో ముంజలు తిన్నాక మిగిలిన రెండు తాటికాయలకు మధ్యలో ఓ పుల్ల గుచ్చితే ఇరుసు. దానికి పంగలకర్ర ఆనించి తోస్తే బండి వీధి చివరిదాకా పోతుంది.