వెలుగునీడల ఊళ్ళు

ఫొటోగ్రఫీ అనే మాట గ్రీకు పదాలనుండి పుట్టింది. వెలుగుతో లిఖించడమని దాని అర్థం. తెలుగువారు ఆ కళను ఛాయాచిత్రణమని నీడ పేరుతో పిలుచుకున్నారు. శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలు చూసినవారికి ఈ రెండు పేర్లూ తగినవే అనిపిస్తాయి. ఇది వర్షచ్ఛాయా ప్రాంతం. వానకు కరవేగాని ఎండకు లోటు లేదు. బెంగళూరు వైపు సాగే రైలుమార్గం ఈ మూడింటినీ కలుపుతుంది.

హిందూపురంలో దిగిన ఛాయాచిత్రకారునికి స్థానికులు ముందుగా చూపే దారి, సుమారు 15 కిలోమీటర్ల దూరాన ఉన్న లేపాక్షిది. ఊరి మొదట ఏకశిలా నంది కొలువై ఉంటుంది. దాని పొడవు సుమారు 27 అడుగులు. నడి మధ్యాహ్నపు ఎండలో అది పెద్ద బండగానే కనబడుతుంది. ఏటవాలు కిరణాలు సోకినప్పుడు మాత్రం మెడలోని గంటలు, హారాలు ఒక్కొక్కటిగా పైకి తేలుతాయి. శిల్పాన్ని చూపేది వెలుగు కాదు, దాని పక్కనున్న నీడ.

16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో, విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రాలయంలో ఒక స్తంభం నేలకు పూర్తిగా ఆనదు. దాని కింద గుడ్డ దూర్చి చిత్రం తీయించుకోవడమే యాత్రాఫలమని పలువురి భావన. ఆ సందడిలో తల ఎత్తి చూసేవారు తక్కువ. పైకప్పు మీద పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, వటపత్రశాయి, భారీ వీరభద్రమూర్తి వర్ణచిత్రాలై నిలిచి ఉన్నాయి. కొన్నిచోట్ల రంగులు రాలి సున్నపుపూత బయటపడింది. వాటిపై ఫ్లాష్ ప్రయోగించడం తగదు. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడం గనుక త్రిపాదికి ముందుగా అనుమతి పొందాలి. చేయి కదలకుండా, నేలనుండి పైకి ప్రతిఫలించే పగటి వెలుగుతోనే చిత్రించడం ఉత్తమం. ఆ స్త్రీమూర్తుల చీరల గళ్ళు, చారలు, అంచులు ప్రత్యేకంగా గమనింపదగినవి.

హిందూపురం తిరిగివచ్చాక, వేసవి తొలినాళ్ళలో అయితే, మార్కెట్టులోని మిరప, చింతపండు రాశులు కనువిందు చేస్తాయి.

పెనుకొండ చిత్రణకు సాయంకాలం అనువైనది. 1565 నాటి యుద్ధంలో ఓటమి అనంతరం తిరుమలరాయలు విజయనగరాన్ని విడిచి ఇక్కడ రాజధాని నెలకొల్పాడు. అప్పటికే ఇది రాయలకు ముఖ్యమైన దుర్గం. గగన్‌మహల్ కింది భాగంలో కమానులు, పైన ఆలయశిఖరాన్ని తలపించే గోపురం ఉన్నాయి. రెండు సంప్రదాయాలు ఒకే గోడపై కలసిన ఆ కట్టడం, వెనుక కొండతో సహా చిత్రంలో ఇమిడితేనే దాని స్థితి బోధపడుతుంది. ముఖద్వారాన్ని మాత్రమే తీసి వెనుదిరగడం తొందరపాటు.

ధర్మవరంలో వెలుగు వీథిలో కాక ఇళ్ళలోపల వెదకాలి. గుంటమగ్గం మీద పడుగు ఒక రంగు, పేక మరొక రంగు అయినప్పుడు, పట్టుచీర కదిలినకొద్దీ రంగు మారుతుంది. పరచిన చీరలో ఈ వింత కానరాదు, మడతలోనే తెలుస్తుంది. లేపాక్షి స్తంభాల మీది లతలు, ఆకృతులు ఇక్కడి అంచులకు నమూనాలయ్యాయి. ఉదయం పైకప్పు మీద చూసిన చీరలు ఇక్కడ మగ్గంపై దర్శనమిస్తాయి.

అయితే ఇక్కడ కెమెరా తీసేముందు అడగడం కనీస మర్యాద. కొత్త నమూనా నేతకారునికి పెట్టుబడి వంటిది. దాని చిత్రం చేజారితే, అదే అంచు మరమగ్గంపై తక్కువ ఖరీదుకు అంగడికి రాగలదు. చేనేతకు అది తీరని నష్టం. అందువల్ల చీర వద్దన్నచోట నేతను చిత్రించమని కోరవచ్చు. నాడెను అటూ ఇటూ పరుగెత్తించే చేయి, గుంటలో తొక్కుడుచెక్కలపై ఆడే పాదాలు, వాటి మీద కిటికీనుండి పడే సన్నని వెలుగు చిత్రానికి చాలు.