చలి ఉదయం మొరాయించే పడవ ఇంజన్

ద్రవంగా ఉన్న పెట్రోలు మండదు. గాలిలో కలిసిన దాని ఆవిరే మండుతుంది. సిద్ధాంతం ప్రకారం ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 కిలోల గాలి చాలు. కానీ రాత్రంతా చల్లారిన ఇంజన్‌లో చల్లిన పెట్రోలులో చాలా భాగం ఆవిరి కాదు. గాలి గొట్టాల గోడలకూ వాల్వుల వెనకవైపుకూ తడిగా అంటుకుపోతుంది. మండడానికి సరిపడా ఆవిరి పుట్టాలంటే మామూలు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ పెట్రోలు పోయాలి. పాత స్కూటర్లకు చోక్ ఉన్నది ఇందుకే. అది గాలిని అడ్డగించి పెట్రోలు పాలు పెంచేది. ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చాక ఆ పని కంప్యూటర్ చేతికి వెళ్లింది. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్ 6 నిబంధనలతో భారతదేశంలో కొత్త బైకుల్లో చోక్ దాదాపు కనుమరుగైంది.

అమెరికాలో సరస్సుల మీద తిరిగే వేగపు పడవల్లో ఇదే సమస్య పెద్ద ఎత్తున కనిపిస్తుంది. మిస్సోరి రాష్ట్రంలో 1931లో పూర్తయిన బ్యాగ్నెల్ డ్యామ్ వెనక ఏర్పడిన లేక్ ఆఫ్ ది ఓజార్క్స్ అలాంటి పడవలకు పేరున్న చోటు. వాటిలో చాలావాటికి 7.4 లేదా 8.2 లీటర్ల వీ8 పెట్రోలు ఇంజన్లుంటాయి. మరింత బలం కోసం కొందరు పైన సూపర్‌ఛార్జర్ బిగిస్తారు. చలికాలమంతా షెడ్డులో పడి ఉన్న పడవను వసంతంలో నీళ్లలోకి దించి తాళం తిప్పితే, ఎండాకాలంలో ఒక్క మీటకే లేచిన ఇంజన్ పదిసార్లు సెల్ఫ్ కొట్టినా అందుకోకపోవచ్చు.

బలం కోసం చేసినవే చలికి ఇబ్బంది

సూపర్‌ఛార్జర్ అంటే ఇంజన్ తిప్పే బెల్టుతో నడిచే గాలి పంపు. ఇంజన్ తనంతట తాను పీల్చుకునే గాలి కన్నా ఎక్కువ గాలిని సిలిండర్లలోకి కుక్కుతుంది. ఎక్కువ గాలి ఉంటే ఎక్కువ పెట్రోలు కాల్చవచ్చు. ఈ పంపుల్లో బాగా తెలిసిన రకానికి రూట్స్ బ్లోయర్ అని పేరు. అమెరికాకు చెందిన రూట్స్ సోదరులు 1860లో దానికి పేటెంటు పొందారు. 1938లో వచ్చిన జనరల్ మోటార్స్ 71 వరుస టూ స్ట్రోక్ డీజిల్ ఇంజన్లలో ఈ పంపే సిలిండర్లలోకి గాలి తోసేది. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులను ఒడ్డుకు చేర్చిన హిగ్గిన్స్ పడవల్లో ఆ వరుస ఇంజన్లు పనిచేశాయి. తరవాత వాటి బ్లోయర్లను ఊడదీసి పందెం కార్లకూ పడవలకూ పెట్టుకోవడం అలవాటైంది.

సూపర్‌ఛార్జర్ ఉన్న ఇంజన్‌లో చేసే మార్పులు ఒక్కొక్కటీ చల్లని స్టార్టును కాస్త కాస్త కష్టం చేస్తాయి. గాలి ముందే ఒత్తుకుని వస్తుంది కాబట్టి సిలిండర్‌లోని కంప్రెషన్ నిష్పత్తిని 8:1 దగ్గరికి తగ్గిస్తారు. సెల్ఫ్ మీద తిరిగేటప్పుడు మాత్రం ఆ అదనపు ఒత్తిడి, అంటే బూస్ట్, ఉండదు. తగ్గిన కంప్రెషన్ వల్ల గాలి తక్కువగా వేడెక్కుతుంది, పెట్రోలు ఆవిరవడం ఇంకా తగ్గుతుంది. పూర్తి వేగంలో ఆకలి తీర్చడానికి పెద్ద ఇంజెక్టర్లు పెడతారు. స్టార్టింగ్‌లో వాటి చేత కొలిచినట్టు కొద్దికొద్దిగా పోయించడం కష్టం. బూస్ట్ ఒత్తిడిలో రవ్వ ఆరిపోకుండా ప్లగ్గు గ్యాప్ తగ్గిస్తారు, వేడిని త్వరగా వదిలే కోల్డ్ ప్లగ్గులు వాడతారు. అవి తడిసినా మసి పట్టినా తొందరగా కోలుకోవు. వీటికి తోడు బ్లోయర్, ఒత్తిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ కలిసి పెద్ద చల్లని లోహపు ముద్దలా ఇంజన్ నెత్తిన కూర్చుంటాయి. ఇంజెక్టర్లు వాల్వుల దగ్గర కాకుండా బ్లోయర్ పైన ఉంటే, పెట్రోలు ఆ దారంతా తడుపుకుంటూ రావాలి.

కంప్యూటర్ ఏం చూసి పోస్తుంది

తాళం తిప్పగానే పెట్రోలు పంపు సుమారు రెండు సెకన్లు తిరిగి, ఒత్తిడి పెంచి ఆగుతుంది. ఇంజన్ తిరుగుతున్న సంకేతం అందితేనే మళ్లీ మొదలవుతుంది. చాలా ఇంజన్లలో ఈ ఒత్తిడి 3 బార్ దరిదాపుల్లో ఉంటుంది. ఆ తరవాత ఎంత పోయాలన్నది కంప్యూటర్ ముఖ్యంగా మూడు సెన్సార్లను చూసి నిర్ణయిస్తుంది. ఒకటి ఇంజన్ నీటి వేడి, రెండోది లోపలికి వచ్చే గాలి వేడి, మూడోది సిలిండర్లకు గాలి తీసుకెళ్లే గొట్టాల్లో, అంటే మానిఫోల్డ్‌లో, ఒత్తిడి.

వేడి కొలిచే సెన్సార్ నిజానికి ఒక చిన్న రెసిస్టెన్స్. చల్లబడే కొద్దీ దాని విలువ పెరుగుతుంది. జనరల్ మోటార్స్ ఇంజన్లలో విరివిగా వాడిన సెన్సార్ 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 177 ఓములు, 20 డిగ్రీల దగ్గర 3,520, సున్నా దగ్గర 9,420 చూపిస్తుంది. వైరు పూర్తిగా తెగితే కంప్యూటర్‌కు మైనస్ 40 డిగ్రీల చలి కనిపిస్తుంది. అది నమ్మదగిన అంకె కాదని గుర్తించి హెచ్చరిక దీపం వెలిగిస్తుంది. చిక్కంతా సగం చెడిన సెన్సార్‌తోనే. బయట 5 డిగ్రీలుంటే 30 అని చెప్పే సెన్సార్ ఏ హెచ్చరికా రానివ్వదు. కంప్యూటర్ దాన్ని నమ్మి పెట్రోలు తక్కువ పోస్తుంది, ఇంజన్ అందుకోదు.

మొదటి ప్రయత్నమే సాక్ష్యం

చల్లని స్టార్టు లోపాన్ని పట్టుకోవడం కష్టమవడానికి కారణం, అది రోజుకు ఒక్కసారే కనిపించడం. రెండు నిమిషాలు సెల్ఫ్ కొట్టేసరికి ప్లగ్గులు తడుస్తాయి, బ్యాటరీ దిగుతుంది, లోపల వేడి మారుతుంది. అసలు లోపం మన చేష్టల కింద కప్పబడిపోతుంది. అందుకే తాళం తిప్పే ముందే కొన్ని అంకెలు రాసుకోవాలి. స్కాన్ టూల్ తగిలించి చూస్తే, రాత్రంతా కదలని ఇంజన్‌లో నీటి వేడి, గాలి వేడి ఇంచుమించు ఒకటే ఉండాలి, బయటి థర్మామీటర్‌తోనూ కలవాలి. ఈ మూడింటిలో ఒకటి వేరుగా ఉంటే దొంగ దొరికినట్టే. ఇంజన్ తిరగనప్పుడు మానిఫోల్డ్ సెన్సార్ బయటి వాతావరణ పీడనాన్నే, అంటే సుమారు 100 కిలోపాస్కల్స్ చూపాలి.

ఇంజన్ గది మూత తెరిచి వాసన చూడడం అంతకన్నా ముందు జరగాల్సిన పని. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు. కారు కిందైతే గాలికి చెదిరిపోతుంది గానీ పడవ అడుగున నిలిచిపోతుంది. అందుకే అమెరికా నిబంధనల ప్రకారం ఇలాంటి పడవల్లో స్టార్ట్ చేసే ముందు 4 నిమిషాలు బ్లోయర్ తిప్పాలన్న హెచ్చరిక పలక ఉంటుంది. ఆ పలకలో చెప్పిన బ్లోయర్ సూపర్‌ఛార్జర్ కాదు, ఇంజన్ గదిలోని గాలిని బయటికి తోసే ఫ్యాను. మొండి ఇంజన్ మీద ఈథర్ స్ప్రే కొట్టడం మూసి ఉన్న ఆ గదిలో ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

సెల్ఫ్ బరువుగా తిరిగితే

ఇంజన్ తిరిగే తీరు మొదటి గుర్తు. అసలు తిరగకపోతే గేరు లీవర్ న్యూట్రల్‌లో ఉందో లేదో చూడాలి. బాగా తిరుగుతూ ఎంతకీ అందుకోకపోతే, నడిపేవారి నడుముకు కట్టుకునే కిల్ స్విచ్ తాడు ఊడి ఉండవచ్చు. నిపుణులు కూడా మరిచిపోయే సంగతి ఇది.

ఈసురోమంటూ తిరిగితే బ్యాటరీ చూడాలి. నిండుగా ఉన్న బ్యాటరీ స్థిరంగా 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు అది 9.6 కన్నా దిగితే బ్యాటరీయో కేబుల్ చివర్లో పట్టిన తుప్పో కారణం. చలికి బ్యాటరీ శక్తి తగ్గుతుంది, అదే చలికి ఇంజన్ ఆయిలు చిక్కబడుతుంది. సూపర్‌ఛార్జర్ బెల్టు ఆ బరువుకు మరికొంత కలుపుతుంది. ఇంజెక్షన్ ఇంజన్‌లో వోల్టేజీ తగ్గడానికి ఇంకో నష్టముంది. ఇంజెక్టర్ తెరుచుకోవడం ఆలస్యమై పెట్రోలు తగ్గుతుంది, రవ్వ బలహీనపడుతుంది. పెట్రోలు సమస్యలా కనిపించేది చాలాసార్లు బ్యాటరీ సమస్యే.

సెల్ఫ్ కొట్టగానే దబ్ మని శబ్దం చేసి ఇంజన్ ఆగిపోతే మళ్లీ తాళం తిప్పకూడదు. సిలిండర్‌లో నీరు చేరి ఉండవచ్చు. నీరు కుదించుకోదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. ప్లగ్గులన్నీ విప్పి, రవ్వ పుట్టకుండా ఇగ్నిషన్ ఆపి, ఇంజన్‌ను మెల్లగా తిప్పితే ఏ సిలిండర్‌లో నీరుందో తెలుస్తుంది. సరస్సు నీటితో చల్లబడే ఇంటర్‌కూలర్ కారడం దీనికి ఒక కారణం, ఎగ్జాస్ట్ భాగాలు తుప్పుపట్టి చిల్లులు పడడం ఇంకొకటి.

తిరుగుతుంది, అందుకోదు

ఇక ప్లగ్గు విప్పి చూడాలి. పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదు. తడిసి ఉంటే పెట్రోలు వస్తోంది, రవ్వ లేదు లేదా పెట్రోలు ఎక్కువైంది.

పొడి ప్లగ్గుకు ముందు ఒత్తిడి కొలవాలి. గేజీ లేనప్పుడు ఒక తేలిక పరీక్ష ఉంది. తాళాన్ని ఆన్ చేసి రెండు సెకన్లు ఆగి ఆఫ్ చేయడం మూడుసార్లు చేశాక సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుంటే, రాత్రిపూట లైనులో ఒత్తిడి కారిపోతోందని అర్థం. పంపులోని చెక్ వాల్వో, రెగ్యులేటరో, కారుతున్న ఇంజెక్టరో దోషి. ఇంజెక్టర్ కారుతుంటే ఆయిలు కొలకర్రను తీసి ముక్కు దగ్గర పెడితే పెట్రోలు వాసన కొడుతుంది. అలాంటి ఆయిలు మార్చాకే ఇంజన్ నడపాలి.

పెట్రోలును కూడా అనుమానించాలి. నెలల తరబడి ట్యాంకులో ఉంటే తేలికగా ఆవిరయ్యే భాగం ముందే ఎగిరిపోతుంది. చలిలో రవ్వను అందుకోవాల్సింది సరిగ్గా ఆ భాగమే. అమెరికాలో మామూలుగా దొరికే పెట్రోలులో పది శాతం ఇథనాల్ ఉంటుంది. అది గాలిలోని తేమను లాక్కుంటుంది. నీరు సుమారు అర శాతం దాటితే ఇథనాల్, నీరు కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. పంపు పీల్చేదీ అడుగు నుంచే. ఫిల్టర్ నుంచి కొంచెం గాజు సీసాలోకి పట్టి, కదపకుండా ఉంచితే రెండు పొరలు కంటికే కనిపిస్తాయి.

ప్లగ్గులు తడిసిపోతే ఇంకా పెట్రోలు పోయకూడదు. చాలా కంప్యూటర్లలో యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి సెల్ఫ్ కొడితే ఇంజెక్టర్లు మూసుకుంటాయి, గాలి మాత్రమే వెళ్లి సిలిండర్లు ఆరతాయి. లీవర్ తప్పక న్యూట్రల్‌లో ఉండాలి, ఇంజన్ అందుకోగానే యాక్సిలరేటర్ దించేయాలి. ఒక్కోసారి పది సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టకూడదు, మధ్యలో మోటారు చల్లారనివ్వాలి. ఎగ్జాస్ట్‌లో నీరు నిలిచే మఫ్లరున్న పడవల్లో ఆపకుండా కొడితే, బయటికి నెట్టే పొగ లేక నీరు మఫ్లర్‌లో నిండి సిలిండర్లలోకి వెనక్కి రావచ్చు.

అందుకుని ఆగిపోతే

ఇంజన్ లేచి రెండు మూడు సెకన్లకే ఆగిపోవడం, యాక్సిలరేటర్ కొంచెం తెరిచి పట్టుకుంటే నిలవడం గాలి సమస్యకు గుర్తు. చల్లని ఇంజన్‌కు ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ వదిలేసి ఊరికే తిరిగేటప్పుడు, అదనపు గాలి కావాలి. దాన్ని ఇచ్చే ఐడిల్ వాల్వు మసి పట్టి బిగుసుకుని ఉంటుంది. యాక్సిలరేటర్ తెరిచినా ఫలితం లేకుండా తుమ్మినట్టు తుప్‌తుప్‌మని ఆగిపోతే పెట్రోలు చాలడం లేదు. నల్లటి పొగతో ఆగితే ఎక్కువైంది.

సూపర్‌ఛార్జర్ వైపు వెతకాల్సినవీ ఇక్కడే వస్తాయి. ఐడిల్‌లో బ్లోయర్ చుట్టూ గాలి తిరిగిపోవడానికి ఒక బైపాస్ వాల్వు ఉంటుంది. చాలా కిట్లలో దాన్ని వాక్యూమ్ లాగి తెరుస్తుంది. లోపలి పొర చిరిగితే అది మూసుకునే ఉండి, ఐడిల్‌లో అనవసరపు బరువు పడుతుంది. ఇంజన్ నడుస్తుండగా దాని కడ్డీ కదులుతోందా లేదా అని చూస్తే చాలు. బ్లోయర్ కింది గాస్కెట్ దగ్గరో, ఎండిపోయి పగిలిన సన్నటి వాక్యూమ్ గొట్టం దగ్గరో దొంగగాలి దూరినా ఐడిల్ నిలవదు. మానిఫోల్డ్ సెన్సార్ గొట్టం ఊడితే కంప్యూటర్ లెక్క పూర్తిగా తప్పుతుంది. తడిగా ఉన్న షెడ్డులో చలికాలం గడిపిన బ్లోయర్ రోటర్లు పట్టేసి ఉండవచ్చు కూడా. బ్యాటరీ విప్పి, బెల్టు తీసి, పుల్లీని చేత్తో తిప్పితే అది తేలిపోతుంది.

చివరికి మిగిలేది లెక్కల పట్టిక

భాగాలన్నీ బాగున్నా మొరాయిస్తే కంప్యూటర్‌లోని పట్టికలు చూడాలి. ఏ వేడి దగ్గర సెల్ఫ్ మీద ఎంత పోయాలి, అందుకున్నాక ఎంత, వేడెక్కేదాకా ఎంత అన్నవి విడివిడిగా ఉంటాయి. సూపర్‌ఛార్జర్ బిగించాక ఇంజెక్టర్లు పెద్దవయ్యాయి కాబట్టి ఆ అంకెలన్నీ మార్చాలి. ట్యూనింగ్ సాధారణంగా పగటిపూట, వేడెక్కిన ఇంజన్ మీద, పూర్తి వేగాన్ని దృష్టిలో పెట్టుకుని జరుగుతుంది. 5 డిగ్రీల గడిలో ఉన్న అంకెను ఎవరూ పరీక్షించి ఉండకపోవచ్చు. దాన్ని సరిదిద్దడానికి తొందర పనికిరాదు. ఉదయానికి ఒకే ఒక్క మార్పు, కొద్ది శాతం హెచ్చో తగ్గో చేసి, ఇంజన్ ఎన్ని సెకన్లకు అందుకుందో రాసుకోవాలి.

స్టార్టయ్యాక కూడా ఆయిలు వేడెక్కేదాకా పూర్తి వేగం ఇవ్వకూడదు. మెకానిక్ ఏ భాగం మార్చినా, ఆ మధ్యాహ్నం ఇంజన్ ఒక్క మీటకే లేచినా, మరమ్మతు ఫలించిందని అప్పుడే అనుకోవడానికి లేదు. ఇంజన్‌ను రాత్రంతా చల్లారనిచ్చి, మర్నాడు పొద్దున్నే తాళం తిప్పినప్పుడు తేలాలి.