వానకాలంలో డైవింగ్‌కు వెళ్లేవాళ్లు ముందు గాలిని చూడాలి

అండమాన్ వెళ్తే స్కూబా చేయాల్సిందే అన్న మాట ఇప్పుడు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఇళ్లలోనూ వినిపిస్తోంది. దుబాయ్, మస్కట్, దోహాల్లో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు ఇంటికొకరు ఉండే ఊళ్లు చుట్టూ ఉన్నాయి కాబట్టి సముద్రం ఇక్కడివాళ్లకు మరీ పరాయిదేం కాదు. చిక్కంతా నెలల దగ్గరే వస్తుంది. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు చుట్టీ దొరికినప్పుడే రావాలి, అది వానకాలంలో పడినా చేసేదేమీ లేదు. ఇంటి దగ్గర పిల్లలకు దొరికే పెద్ద సెలవులు వేసవి తర్వాత మళ్లీ దసరాకే. సరిగ్గా ఆ నెలల్లోనే ట్రావెల్స్ వాళ్లు ఆఫ్ సీజన్ అంటూ ధర బాగా తగ్గించి ప్యాకేజీలు పెడతారు. ధర ఎందుకు తగ్గిందో అడగకుండా, కుటుంబం మొత్తానికి ముందే డబ్బు కట్టేసి, తీరా అక్కడికి వెళ్లి గదిలో కూర్చునేవాళ్లను తలుచుకుంటే నిజంగా బాధేస్తుంది. కాస్త ముందుగా తెలుసుకుంటే తప్పే నష్టం అది.

వాన పడితే డైవింగ్ చెడిపోతుందని చాలామంది అనుకుంటారు. పది మీటర్ల లోతున ఉన్న మనిషికి పైన వాన పడుతోందో లేదో పెద్దగా తెలియదు. వెలుతురు కొంచెం తగ్గుతుంది, అంతే. డైవింగ్‌ను చెడగొట్టేవి వేరే ఉన్నాయి. ఒకటి నదులు తెచ్చే మట్టి, రెండోది గాలి లేపే అల. ఈ రెండూ ఏ తీరంలో ఏ నెలలో ఉంటాయో తెలిస్తే సగం ప్లాన్ అయిపోయినట్టే.

మట్టి సంగతి అర్థం కావాలంటే ధర్మపురి దాకా వెళ్తే చాలు. ఎండాకాలంలో అక్కడ రేవు మెట్ల దగ్గర గోదావరి అడుగు కనిపించేంత తేటగా ఉండే రోజులుంటాయి. జులైలో ఎగువన వానలు పడి, శ్రీరామ్‌సాగర్ గేట్లు ఎత్తారంటే అదే నీళ్లలో మోచేతి లోతున పెట్టిన చెయ్యి కనిపించదు. ఆ నీళ్లన్నీ చివరికి ధవళేశ్వరం దాటి బంగాళాఖాతంలోకే పోతాయి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరిన రోజుల్లో ఎంత ఒండ్రు సముద్రంలో కలిసి ఉంటుందో ఊహించుకోండి. గోదావరి, కృష్ణ, మహానది, వీటి మధ్య చిన్నాచితకా ఏర్లు అన్నీ ఆ నెలల్లోనే తూర్పు తీరానికి మట్టి మోస్తాయి. విశాఖలో రుషికొండ, భీమిలి వైపు స్కూబా నడిపేవాళ్లున్నారు. మనకు దగ్గర్లో స్కూబా దొరికే తీరం అదే. కానీ వానకాలంలో అక్కడ దిగితే పక్కనున్న గైడ్ ఫిన్స్ తప్ప ఇంకేమీ కనిపించని రోజులే ఎక్కువ. చలికాలం వచ్చి నదులు తగ్గాక అడగడం మంచిది.

అండమాన్, లక్షద్వీప్ లాంటి దీవులకు ఈ బెడద తక్కువ, ఎందుకంటే వాటిలో పెద్ద నదులు లేవు. అక్కడ చూడాల్సింది గాలి. నైరుతి రుతుపవనం అంటే మనకు వానే గుర్తొస్తుంది, సముద్రం మీద మాత్రం అది నాలుగు నెలల పాటు ఒకే దిక్కు నుంచి ఆగకుండా వీచే గాలి. ఆ గాలికి ఎదురుగా ఉన్న ఒడ్డు అల్లకల్లోలంగా ఉంటుంది. కొండ చాటునో, దీవి చాటునో ఉన్న ఒడ్డు అదే రోజు ప్రశాంతంగా ఉండొచ్చు.

ఈ గాలినీ అలనూ ముందే చెప్పే సంస్థ సముద్రమే లేని మన హైదరాబాద్‌లోనే ఉంది. 1999లో ఏర్పాటైన భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రాన్ని అందరూ ఇన్‌కాయిస్ అంటారు. సునామీ హెచ్చరికలు వెలువడేది ఇక్కడి నుంచే. మత్స్యకారులకు చేపలు దొరికే చోట్లు చెప్పేదీ వీళ్లే. అల ఎత్తు, అల వచ్చే దిక్కు, గాలి వేగం, ప్రవాహం రాబోయే కొన్ని రోజులకు ఎలా ఉంటాయో అంచనా వేసి తమ వెబ్‌సైట్‌లో పెడతారు, ఎవరైనా చూసుకోవచ్చు. సముద్రపు నీళ్లు వేడెక్కి పగడపు దిబ్బలు తెల్లబారిపోయే ప్రమాదం ఉంటే ఆ హెచ్చరిక కూడా ఇస్తారు. డైవింగ్‌కు వెళ్లే తెలంగాణ మనిషి ఫోన్‌లో ఇది ఉండాలని నా గట్టి కోరిక.

ఇన్‌కాయిస్ అంచనాల్లో అందరూ అల ఎత్తు చూసి వదిలేస్తారు. పక్కనే పీరియడ్ అని సెకండ్లలో ఇంకో అంకె ఉంటుంది, అంటే ఒక అల వెళ్లాక తర్వాతి అల రావడానికి పట్టే సమయం. డైవర్‌కు ఇది ఎత్తు కంటే ముఖ్యం. లోతైన సముద్రంలో ఆ సెకండ్లను అదే అంకెతో గుణించి, మళ్లీ ఒకటిన్నరతో గుణిస్తే రెండు అలల మధ్య దూరం సుమారుగా మీటర్లలో వస్తుంది. ఆ దూరంలో సగం లోతు దాకా నీళ్లు ఊగుతాయి. నాలుగు సెకండ్ల అలనే తీసుకోండి. నాలుగు నాల్గుల పదహారు, ఒకటిన్నర రెట్లు ఇరవై నాలుగు, అందులో సగం పన్నెండు మీటర్లు. పైన పడవ ఊగిసలాడినా, కొత్తవాళ్లను దింపే పది పన్నెండు మీటర్ల దగ్గర నీళ్లు నిలకడగానే ఉంటాయి. పది సెకండ్ల అలయితే లెక్క డెబ్బై అయిదు మీటర్ల దాకా పోతుంది. దూరాన ఎక్కడో పుట్టి వచ్చిన ఆ అల పైకి నున్నగా, మెల్లగా కనిపిస్తుంది కానీ అడుగున మనిషిని ముందుకూ వెనక్కూ లాగుతుంది, ఇసుక లేపి నీళ్లను మసక చేస్తుంది. వానకాలంలో అండమాన్, లక్షద్వీప్‌లకు వచ్చేవి ఎక్కువగా ఈ రెండో రకం అలలే. ఎత్తు మీటరున్నరే కదా అనుకుని కొత్తవాళ్లు దిగకూడదు.

ఇప్పుడు ఏ తీరం ఎప్పుడన్నది చూద్దాం. నైరుతి రుతుపవనం మనకు జూన్ రెండో వారానికి వస్తుంది, అండమాన్‌ను మే మూడో వారంలోనే తాకుతుంది. అది పోయాక ఈశాన్య గాలులతో నవంబర్ దాటే వరకూ అక్కడ వాన కురుస్తూనే ఉంటుంది. ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్లు, అంటే మన జగిత్యాల వానకు దాదాపు మూడింతలు. స్వరాజ్ ద్వీప్‌లో కొత్తవాళ్లను దింపే నీమో రీఫ్ లాంటి ఒడ్డు దగ్గరి చోట్లు వానకాలంలో కూడా కొన్ని రోజులు పనికొస్తాయి. అసలు ఇబ్బంది దారిలో ఉంటుంది. అండమాన్ రాజధాని శ్రీవిజయపురం నుంచి స్వరాజ్ ద్వీప్‌కు వెళ్లే ఫెర్రీని సముద్రం బాగా లేకపోతే ఆపేస్తారు. నాలుగు రోజుల ప్యాకేజీలో ఒక ఫెర్రీ రద్దయితే డైవ్ పోయినట్టే. అక్కడికి జనవరి నుంచి ఏప్రిల్ మధ్యలో వెళ్లాలి.

పడమటి తీరం సంగతి ఇంకా తేలిక, ఎందుకంటే అది నైరుతి గాలికి నేరుగా ఎదురు. మురుడేశ్వర్ నుంచి వెళ్లే నేత్రాణి దీవి, గోవాలో గ్రాండ్ ఐలాండ్ జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మూసే ఉంటాయి. లక్షద్వీప్‌కు ప్రవేశ అనుమతి ఎలాగూ కావాలి, వానకాలంలో ఓడలూ తగ్గిపోతాయి. ఈ నెలల్లో ఎవరైనా ఈ మూడు చోట్లలో డైవింగ్ చేయిస్తామంటే డబ్బు కట్టకండి.

వానకాలంలోనే వెళ్లక తప్పదనుకునేవాళ్లు దేశం దాటి చూడాలి. శ్రీలంక దీనికి మంచి ఉదాహరణ. మన వానకాలంలో ఆ దేశపు పడమటి ఒడ్డున హిక్కడువాలో సముద్రం గరంగరంగా ఉంటే, గాలికి చాటైన తూర్పు ఒడ్డున ట్రింకోమలీలో మే నుంచి సెప్టెంబర్ దాకా తేటగా ఉంటుంది. నిలవేలి ఎదురుగా ఉన్న పిజియన్ ఐలాండ్‌కు ఆ నెలల్లోనే వెళ్లాలి. నవంబర్ వచ్చేసరికి ఇదంతా తిరగబడుతుంది. థాయ్‌లాండ్‌లోనూ ఇదే తంతు. ఫుకెట్ వైపున్న సిమిలన్ దీవులను మే మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా మూసేస్తారు. అవతలి వైపు సింధుశాఖలోని కో టావో మాత్రం జులై, ఆగస్టుల్లో కొత్తగా నేర్చుకునేవాళ్లతో కిటకిటలాడుతుంది. మలేసియా తూర్పు తీరంలోని పెర్హెంతియన్ దీవులకూ మన వానకాలమే సీజన్.

నన్నడిగితే మొదటిసారి వెళ్లేవాళ్లకు బాలి మేలంటాను. భూమధ్యరేఖకు అవతల ఉన్న బాలికి మన వానకాలం పొడి కాలం. దాని ఈశాన్య ఒడ్డున తులంబెన్ అనే ఊళ్లో, రెండో ప్రపంచ యుద్ధంలో 1942లో జపాన్ జలాంతర్గామి దెబ్బ తిన్న అమెరికా ఓడ లిబర్టీ ఒడ్డుకు అతి దగ్గర్లో పడి ఉంది. ఇరవై ఏళ్లు ఇసుక మీదే ఉన్న ఆ ఓడ 1963లో అగుంగ్ అగ్నిపర్వతం పేలినప్పుడు నీళ్లలోకి జారింది. ఇప్పుడు దాని ఇనుప దూలాల మీద పగడాలు అల్లుకున్నాయి. పడవ ఎక్కే పని లేదు, గులకరాళ్ల ఒడ్డు మీది నుంచి నడిచి దిగడమే. అదే బాలి పక్కనున్న నూసా పెనిడాకు మాత్రం కొత్తవాళ్లు తొందరపడి పోవద్దు. జులై తర్వాత అక్కడ అడుగు నుంచి చల్లటి నీళ్లు పైకి వస్తాయి, వాటితో పాటు మోలా మోలా అనే బండచక్రమంత చేప కూడా వస్తుంది. దాన్ని చూడాలంటే గట్టి ప్రవాహాల్లో డైవ్ చేసిన అనుభవం ఉండాలి.

మాల్దీవుల్లో వానకాలానికి ఒక ప్రత్యేకత ఉంది. నైరుతి గాలుల కాలంలో ప్లాంక్టన్ అనే సూక్ష్మజీవరాశి హనిఫారు అనే చిన్న అఖాతంలోకి కొట్టుకొచ్చి చేరుతుంది. దాన్ని తినడానికి మాంటా రే అనే చేపలు పదుల సంఖ్యలో వస్తాయి. అక్కడ స్కూబా నిషేధం, స్నోర్కెల్ మాత్రమే. నీళ్లు మసకబారితేనే అవి వస్తాయి కాబట్టి, తేట నీళ్లు కోరుకునేవాళ్లూ మాంటాలు కోరుకునేవాళ్లూ వేర్వేరు నెలలు చూసుకోవాలి.

గల్ఫ్‌లోనే ఉన్నవాళ్లకు ఇంతదూరం అక్కర్లేదు. మస్కట్ నుంచి వెళ్లే దైమానియత్ దీవులు, ఎమిరేట్స్‌లో ఫుజైరా, ఖోర్ ఫక్కాన్ పేరున్న చోట్లు. ఒమన్‌లోనే సలాలా వైపు మాత్రం జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఖరీఫ్ పేరుతో మన రుతుపవనమే తగులుతుంది. ఆ నెలల్లో కొండలు పచ్చబడతాయని చూడ్డానికి జనం వెళ్తారు కానీ సముద్రంలో దిగే వీలుండదు.

దసరా సెలవుల గురించి కోరుట్ల, మెట్‌పల్లి వైపు అడిగేవాళ్లు ఎక్కువ. అక్టోబర్ చాలా తిరకాసు నెల. పడమటి తీరం అప్పుడప్పుడే తెరుచుకుంటుంది, తూర్పున తుఫాన్లు మొదలవుతాయి. 2014లో హుద్‌హుద్ విశాఖను తాకింది అక్టోబర్ 12న. దసరాకే వెళ్లాలంటే నెల చివరి వారం దొరికితే నేత్రాణి చూడండి, అండమాన్‌ను సంక్రాంతికి వాయిదా వేయండి.

వానకాలాన్ని వృథా చేయకుండా ఇంకో పని చేయొచ్చు. స్కూబా కోర్సులో పాఠాలూ ఈత కొలనులో సాధనా ఒకచోట ముగించుకుని, సముద్రంలో చేయాల్సిన నాలుగు డైవ్‌లు వేరేచోట చేసే పద్ధతి ఉంది. కోర్సు నేర్పే సంస్థను ముందే అడిగి, జులై, ఆగస్టుల్లో మొదటి భాగం, ఫిబ్రవరిలో రెండో భాగం పెట్టుకోవచ్చు. మిడ్ మానేరు బ్యాక్ వాటర్‌లోనో, మత్తడి దూకుతున్న చెరువులోనో సాధన చేస్తామనే ఆలోచన మాత్రం వద్దు. వానకాలపు నీళ్లు ఎటు లాగుతాయో ఎవరికీ తెలియదు.

సొరకాయ బుర్ర నడుముకు కట్టుకుని వ్యవసాయ బావిలో ఈత నేర్చినవాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి. కోర్సులో అడిగే 200 మీటర్ల ఈత, పది నిమిషాలు తేలడం మీకు చిటికెలో పని. ప్రమాదం మీ అలవాటులోనే ఉంది. బావిలో గట్టు మీది నుంచి దూకేటప్పుడు ఊపిరి బిగబట్టడం మన ఒంటికి పట్టేసిన పని. స్కూబాలో అది ప్రాణాంతకం. పది మీటర్ల లోతున ఒత్తిడి పైన ఉన్నదానికి రెండింతలుంటుంది. అక్కడ సిలిండర్ నుంచి పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెండింతలు ఉబ్బుతుంది. ఊపిరి బిగబట్టి పైకొస్తే ఆ గాలికి పోయే దారి లేక ఊపిరితిత్తులు చిరుగుతాయి. నీళ్లలో ఉన్నంతసేపూ పీల్చడం, వదలడం ఆగకూడదు. గైడ్ మొదటి పాఠం ఇదే చెబుతారు, కానీ బావి అలవాటున్నవాళ్లు దాన్ని నాలుగుసార్లు సాధన చేయాలి.

ముసురు రోజుల్లో ఇంటిల్లిపాదికీ జలుబు ఉంటుంది. ముక్కు దిబ్బడతో డైవ్ చేయకూడదు, చెవిలో ఒత్తిడి సమం కాక కర్ణభేరి దెబ్బతింటుంది. మందు వేసుకుని దిగినా మధ్యలో దాని పట్టు తగ్గితే ఇంకా ప్రమాదం. ప్రయాణానికి ముందు వారంలో వైరల్ జ్వరం వచ్చి ఉంటే డాక్టర్‌ను అడిగి నిర్ణయించుకోండి. ఆస్తమా ఉంటే, బీపీ మందులు వాడుతుంటే ఆ సంగతి డైవింగ్‌కు ముందు నింపే ఆరోగ్య ఫారంలో దాచకుండా రాయండి.

టికెట్లు బుక్ చేసేటప్పుడు చివరి రోజు డైవ్ పెట్టుకోవద్దు. నీళ్లలో పీల్చిన నైట్రోజన్ ఒంట్లోంచి మెల్లగా పోతుంది. అది పోకముందే విమానం ఎక్కితే కీళ్ల నొప్పుల నుంచి పక్షవాతం దాకా రావచ్చు. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, వరుసగా చేస్తే 18 గంటలు ఆగాలంటారు. ఫుజైరాలో పొద్దున్నే డైవ్ చేసి సాయంత్రం శంషాబాద్ విమానం పట్టుకుందామనే ఆలోచన మానుకోవాలి. పూర్తిగా ఒక రోజు ఖాళీ ఉంచుకుంటే, వానకాలంలో ఫెర్రీ ఆలస్యమైనా ఆ రోజు అక్కరకొస్తుంది. డబ్బు కట్టేముందు సముద్రం బాగా లేక డైవ్ రద్దయితే ఎంత తిరిగిస్తారో, ఇంకో రోజుకు మారుస్తారో రాయించుకోండి. ప్రయాణ బీమా తీసుకుంటే అందులో డైవింగ్ కవర్ అవుతుందో లేదో, ఎంత లోతు దాకా అవుతుందో ఏజెంట్‌ను అడిగి, ఆ పేజీ ఫోటో తీసి దగ్గర పెట్టుకోండి.