రెండు ప్రయాణముల నడుమ ఒక మజిలీ

ఎర్రగుంట్ల జంక్షనులో బండి మారువారిని మేము తరచుగా చూచుచుందుము. నంద్యాల నుండి వచ్చి ముంబయి బండికై గంటల తరబడి వేచియుందురే గాని, స్టేషను దాటి ఊరిలోనికి అడుగిడరు. విదేశములకు పోవు మన విద్యార్థులదియు ఇదే తీరు. అమెరికా దారిలో ఐరోపాలోని ఏదో ఒక నగరమున విమానము మారుదురు. పది గంటలు కుర్చీలో కునికిపాట్లు పడి, ఆ నగరము పేరు మాత్రము మోసికొని పోవుదురు. ఉర్దూవారి మంజిల్ తెలుగున మజిలీ అయినది. మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలలో నడకకన్న ఆగిన చోటికే ప్రాధాన్యము. కథ పుట్టునది అక్కడనే.

ఇట్టి మజిలీకి మన చరిత్రలో గొప్ప దృష్టాంతమొకటి గలదు. హైదరాబాదు దివాను మొదటి సాలార్ జంగు, అనగా మీర్ తురాబ్ అలీఖాను, 1876లో ఇంగ్లండు వెళ్ళెను. 1853 ఒడంబడికతో ఆంగ్లేయుల చేతిలోనికి పోయిన బేరారును నిజామునకు తిరిగి రాబట్టవలెనన్నది ఆయన చిరకాల వాంఛ. దారిలో ఇటలీలో ఆగెను, పారిసులో ఆగెను. పారిసులో మెట్లపై జారిపడి తొడ ఎముక విరుగగా, ఇంగ్లండులోని సన్మానములను ఆ బాధతోనే అందుకొనవలసి వచ్చెను. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరేటు ఇచ్చినది. బేరారు మాత్రము రాలేదు. వచ్చినది రోములో కొన్న ఒక పాలరాతి విగ్రహము. అదియే నేడు సాలార్ జంగు మ్యూజియములోని ముసుగు రెబెకా.

ఇటలీ శిల్పి బెంజోని కల్పన అది. బైబిలు కథలో ఇస్‌హాఖును తొలిసారి చూచి ముసుగు సవరించుకొనిన పెండ్లికూతురు. రాతి ముసుగు, దాని చాటున ముక్కు, పెదవులు, వాలిన కన్నులు! బెంజోని ఈ శిల్పమునకు పలు ప్రతులు చేసియున్నాడు. కావున ప్రపంచమున ఇది ఒక్కటే అని గైడులు చెప్పు మాటను నమ్మనక్కరలేదు. నాపరాతి గనుల నడుమ పెరిగిన మాకు రాయి సంగతి తెలియునను గర్వము ఒకటుండెడిది. ఆ విగ్రహము నెదుట నిలిచిన నాడు అది పోయినది.

ఇక మా అనుభవము. చికాగోలోని అన్నగారి వద్దకు పోవుచు ఫ్రాంక్‌ఫర్టులో పదకొండు గంటలు ఆగితిమి. అమెరికా వీసా ఉన్నది గదా అని ద్వారము వద్దకు పోగా, వెలుపలికి పోరాదనిరి. తప్పు మాదే. విమానము మారుటకు, ఊరిలో అడుగు పెట్టుటకు నియమములు వేరు. ఊరు చూడవలెనన్న షెంజెన్ వీసా ఉండవలెను. 2024 జూను నుండి పెద్దలకు దాని రుసుము 90 యూరోలు. దానితో పాటు కనీసము 30,000 యూరోల వైద్యబీమా అవసరము. ప్రయాణమునకు ఆరు నెలల ముందు నుండియే దరఖాస్తు చేయవచ్చును. ఇది చిన్న మొత్తము గాదు. అప్పు చేసి చదువబోవు పిల్లవానికి మేము దీనిని సలహా ఈయము. బిడ్డలను చూడబోవు తల్లిదండ్రులు మాత్రము ఆలోచింపవలసినదే. ఒకే టికెట్టయినచో పెట్టెలు సాధారణముగా గమ్యమునకే చేరును; చేతిసంచి చాలును. విరామము ఎనిమిది గంటలకు తక్కువైనచో సాహసింపరాదు. వచ్చునపుడు తనిఖీ, పోవునపుడు మరల తనిఖీ, సగము కాలము అక్కడనే హరించును.

మరుసారి వీసాతో పోయితిమి. విమానాశ్రయము క్రిందనే రైలు. పావుగంటలో నగర మధ్యమున దింపినది. మైన్ నదిపై కాలివంతెన దాటి వచ్చి, మహాకవి గోథే జన్మించిన ఇంటికి నడచితిమి. 1944 బాంబుదాడిలో కూలిన ఆ ఇంటిని యుద్ధానంతరము పూర్వరూపమున తిరిగి కట్టిరి. హాఫిజు కవిత్వమునకు ముగ్ధుడై గోథే 1819లో తన 'దీవాను'ను వెలువరింపగా, దానికి జవాబుగా ఇక్బాలు 1923లో 'పయామె మష్రిఖ్' ప్రకటించెను. తరగతిలో ఎన్నియో మారులు చెప్పిన పాఠమే. ఆ మెట్లెక్కునపుడు మాత్రము చెప్పులు విడువవలెననిపించినది.

స్టేషను సమీపమున తుర్కీ వారి దుకాణములో రొట్టె, పప్పుచారు తిని, మూడు గంటలు ముందుగనే తిరిగి చేరితిమి. కాళ్ళు పీకినవి గాని, విమానములో ఒళ్ళెరుగక నిద్రించితిమి.