పగడపు గోడ మీద రోజులు

శుక్రవారం సాయంత్రమైతే జిద్దాలో మనవాళ్ళు చాలామంది బలద్ చేరతారు. ఊరికి పంపాల్సిన డబ్బు, కొనాల్సిన సరుకులు, వారమంతా నోట్లోనే ఉండిపోయిన తెలుగు, అన్నిటికీ అదే చోటు. నేను మాత్రం నసీఫ్ ఇంటి ముందున్న వేపచెట్టు దగ్గరికి వెళ్తాను. ఒకప్పుడు పాత జిద్దా మొత్తానికీ అదొక్కటే చెట్టని చెబుతారు. అంత దూరంలో వేపచెట్టు కనబడితే మనకేమవుతుందో వేరే చెప్పాలా!

మొన్న అక్కడే ఓ పాత గోడకి సున్నం పెచ్చులూడి లోపలి రాయి కనబడింది. నిండా చిల్లులు. ఈ ఇళ్ళు ఎర్రసముద్రపు పగడపు దిబ్బల నుంచి కోసిన రాళ్ళతో కట్టినవి.

పగడపు జీవి తన సున్నపు గూటికి రోజుకో సన్నగీత చేర్చుకుంటుందట. ఏడాదికొక పట్టీ తేలుతుంది. 1963లో జాన్ వెల్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, దాదాపు నలభై కోట్ల ఏళ్ళనాటి పగడపు శిలాజాల మీద ఆ గీతలు లెక్కపెట్టాడు. ఏడాదికి 365 కాదు, 400 దాకా వచ్చాయి! ఏడాది పొడుగు మారలేదు. కాబట్టి రోజే చిన్నదన్నమాట, సుమారు 22 గంటలు. (బలద్ గోడల్లోవి అంత పాతవి కావులెండి.)

చంద్రుడు లేపే ఆటుపోట్ల రాపిడి భూమి తిరుగుడికి బ్రేకు వేస్తోంది. అందువల్ల నూరేళ్ళకి రోజు సుమారు రెండు మిల్లీసెకన్లు సాగుతోంది. చంద్రుడేమో ఏటా 3.8 సెంటీమీటర్లు దూరం జరిగిపోతున్నాడు. అయినా భూమికి తన తిక్క తనది: 2024 జూలై 5న 24 గంటలకి 1.66 మిల్లీసెకన్లు ముందే ఒక చుట్టు ముగించేసింది.

మా అమ్మకి ఇవేవీ తెలియవు. పాల లెక్కకి వంటింటి గోడ మీద బొగ్గుతో గీతలు గీసేది. నేనిక్కడికి వచ్చాక పక్కన ఇంకో వరస మొదలుపెట్టింది, నా సెలవు కోసం. పోయినేడు సెలవు వాయిదా పడితే, చెరపకుండా కింద కొత్త వరస వేసిందని చెల్లి చెప్పింది.

ఈసారీ వాయిదా పడింది. వేపచెట్టు కింద నుంచి ఫోన్ చేశాను. ఇక్కడ ఏడు, అక్కడ తొమ్మిదిన్నర.

"ఇంకా ఎన్నాళ్ళురా?" అంది.

"తిన్నావా అమ్మా?" అన్నాను.